వంతు దగ్గరపడ్డాక

మా డిపార్టుమెంటులో పరిశోధన సెమినార్లు గురువారం మధ్యాహ్నాలు జరుగుతాయి. జరుగుతాయనడం మర్యాద కోసమే. నోటీసు అంటించేది నేను, గ్రూపులో మెసేజి పెట్టేది నేను, గది తాళం తెచ్చేది నేను, ప్రొజెక్టరు వైరు కదిపి కదిపి వెలిగించేది నేను. అన్నీ అయ్యాక ముందు వరసలో కూర్చుని వినేది కూడా నేనే. ఈ చాకిరీ నా నెత్తికెలా చుట్టుకుందంటే, ఒకసారి ఎవరో "కాస్త చూడమ్మా" అన్నారు. చూశాను. అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను.

అక్కడ నన్ను పాసింజరు అంటారు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతానట. పగలంతా కాలేజీలో పాఠాలు, ఇంటికొస్తే దిద్దాల్సిన పేపర్లు, మిగిలిన కాసేపట్లో పరిశోధన. నా తర్వాత చేరినవాళ్ళు నాకంటే ముందే డాక్టర్లయిపోయి, టీ పార్టీలిచ్చి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. అందరికంటే ఆఖరున చేరి ఇప్పుడు నాతోబాటే ముగిస్తున్న కుర్రాణ్ణి ఎక్స్‌ప్రెస్ అంటారు. పేర్లు రెండూ మా గైడు గారు పెట్టినవే. నా అధ్యాయాలు చదవడానికి ఆయనకి తీరిక దొరకలేదు గానీ పేర్లు పెట్టడానికి మాత్రం దొరికింది. చదివిన రెండు అధ్యాయాల మీద కూడా ఆయన అన్నది ఒకటే: "బాగుందమ్మా, కామాలు చూసుకో."

సెమినార్లలో మాకొక ఆచారం ఉంది. చివర్లో "ఎవరికైనా ప్రశ్నలున్నాయా" అని అడుగుతారు కదా. ఉండవు. ఉంటే గింటే అప్పుడే నిద్రలేచిన ఎవరో రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు అడుగుతారు. ఆ మౌనం భరించలేక మేమే ముందుగా ప్రశ్నలు పంచుకుంటాం. నువ్వు నన్ను ఇది అడుగు, వచ్చేవారం నేను నిన్ను అది అడుగుతాను అని. దాన్ని చేబదులు ప్రశ్న అంటాం. ఇన్నేళ్ళలో నేను అడిగిన ప్రశ్నల్లో నిజంగా నాకు పుట్టినవి ఏవో చెప్పమంటే చెప్పలేను. నన్ను అడిగినవాటిలో అసలే లేవు.

నా థీసిస్ ప్రభుత్వ ఆసుపత్రిలోని లైన్ల గురించి. జనం ఎలా వేచి ఉంటారు, పక్కవాళ్ళతో ఏం మాట్లాడతారు, టీ తాగడానికి వెళ్తూ తమ చోట్లో సంచో చెప్పులో ఎందుకు వదిలి వెళ్తారు, వాటిని మిగతావాళ్ళు ఎందుకు కదపరు, ఇలాంటివి. ఎక్స్‌ప్రెస్‌ది పేవ్‌మెంటు మీద సరుకు పెట్టుకుని అమ్ముకునేవాళ్ళ గురించి. వాళ్ళు రాయి పెట్టి చోటు పట్టుకుంటారు. ఇద్దరివీ చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కాపురాలు వేరు.

నాకు ప్రాణం నాలుగో అధ్యాయం. అది లైన్లోంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళ గురించి. అందరూ అనుకునేదేమిటంటే, విసుగొచ్చి వెళ్ళిపోతారని. నేను చూసింది వేరు. లైను కొండచిలువలా పడి ఉన్నప్పుడు ఎవ్వరూ లేవరు. ముందు ఇద్దరో ముగ్గురో మిగిలినప్పుడు లేస్తారు. పొద్దుటినుంచీ ఓపిక పట్టిన మనిషి తన వంతు వస్తుందనగా లేచిపోతే దాన్ని విసుగు అని ఎలా అంటాం? అది భయం. తలుపు వెనకాల డాక్టరు ఏం చెబుతాడోనని. మళ్ళీ వచ్చేవాళ్ళు సంచి వదిలి వెళ్తారు. రానివాళ్ళు సంచి తీసుకుని, "టీ తాగొస్తా" అని చెప్పి మరీ వెళ్తారు.

ఈ సంగతి నాకు మొదట చూపించింది మా అత్తయ్య. ప్రభుత్వాసుపత్రిలో కంటి డాక్టరు దగ్గర పొద్దున్నే లైన్లో కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి ఇంక ఇద్దరే ఉన్నారనగా చేతిసంచి తీసుకుని లేచింది. నేను వెనకాలే బస్‌స్టాపు దాకా వెళ్ళాను, బతిమాలాను, రానంది. తర్వాత ఎప్పటికో మళ్ళీ వెళ్ళేసరికి ఎడమ కంట్లో చూపు చాలావరకు పోయింది. ఎందుకు లేచారత్తయ్యా అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "కాళ్ళు లాగాయే, అంతే." మా ఆయన అడిగినా అంతే, ఆడపడుచు అడిగినా అంతే. నేను మాత్రం ఆ తర్వాత అదే ఆసుపత్రికి ఏళ్ళ తరబడి వెళ్ళి, లేచిపోయినవాళ్ళ వెంట నడుస్తూ ఒక అధ్యాయం రాశాను. ఇంట్లో ఒక మనిషి ఒప్పుకోని సంగతిని రుజువు చెయ్యడానికి ఎంత రాయాలో అంతా రాశాను.

సరే, అసలు సంగతికొస్తాను. నా రిజిస్ట్రేషను గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగింపులన్నీ వాడేసుకున్నాను. కాలేజీ ప్రిన్సిపాల్ కూడా మొహమాటం లేకుండా చెప్పేశారు, ఈసారి డిగ్రీ రాకపోతే వచ్చే ఏడు నా చోట్లో ఇంకొకరుంటారని. ఎలాగో తల ప్రాణం తోకకొచ్చాక వైవాకి తేదీ దొరికింది, అదీ నెల ఆఖరి పనిరోజున. రాసిందాన్ని బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నిలబడి సమర్థించుకోవాలి. పొద్దున నాది, మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్‌ది. ఇద్దరికీ పరీక్షకుడు ఒక్కరే. పెద్ద పేరున్నాయన. డిగ్రీ రావాలి, అది సరే. కానీ నా లోపలి కోరిక ఇంకొకటుంది. ఒక్క మనిషి, నాలుగో అధ్యాయం నిజంగా చదివి, దాని మీద ఒక్క ప్రశ్న అడగాలి. చేబదులుది కాదు, సొంతది.

ఆ రోజు అత్తయ్య కూడా నాతో బయలుదేరింది.

"మీరెందుకత్తయ్యా, అక్కడ మీకేం తోస్తుంది?" అన్నాను.

"నోటీసులో అందరూ ఆహ్వానితులే అని నువ్వే రాశావుగా. నీ కొడుకు చదివి వినిపించాడు. నేను అందర్లో లేనా?"

తీసుకెళ్ళి చివరి వరసలో, ఫ్యాను కింద కూర్చోబెట్టాను. గదిలో ఆవిడ కాక ఎక్స్‌ప్రెస్, ఇంకో నలుగురు విద్యార్థులు ఉన్నారు. వాళ్ళు బిస్కెట్ల కోసం వచ్చారని నాకు తెలుసు, తెచ్చింది నేనే కాబట్టి.

పరీక్షకుడు రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చారట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన, మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. "నెలాఖరు వచ్చిందంటే చాలు, గైడులందరికీ ఒకేసారి మెలకువ వస్తుంది. ఈ నెలంతా నా కాపురం రైళ్ళలోనే" అన్నారు. మా గైడు గారు నవ్వాల్సినదానికంటే ఎక్కువ నవ్వారు. పెద్దాయన సంచిలోంచి మా రెండు థీసిస్‌లూ తీసి బల్ల మీద పెట్టారు. మా దగ్గర అందరి అట్టలూ ఒకే నీలం రంగులో ఉండాలని నియమం. రెంటిలోంచీ ఆయన రైల్లో ప్రశ్నలు రాసుకున్న కాగితాలు బయటికి తొంగి చూస్తున్నాయి. చాలా ప్రశ్నలున్నాయి. నాకు కడుపు నిండినట్టయింది.

లైట్లు ఆర్పారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయంలో పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. ఆలోచిస్తున్నారనుకున్నాను. రెండో అధ్యాయంలో సన్నగా గురక వినిపించింది. గైడు గారు దగ్గారు. గురక ఆగి, మళ్ళీ సర్దుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు మిగతాదంతా నేను ఫ్యానుకీ, అత్తయ్యకీ చెప్పుకున్నాను. నాలుగో అధ్యాయం వచ్చేసరికి గైడు గారు గడియారం చూపించి, వేళ్ళతో తొందరగా అన్నట్టు సైగ చేశారు. రెండు ముక్కల్లో తేల్చేశాను.

లైట్లు వెలిగాయి. పెద్దాయన ఉలిక్కిపడి, మొహం తుడుచుకుని, పైనున్న పుస్తకంలోంచి కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"చోటు పట్టుకోవడానికి జనం వస్తువులు పెడతారని రాశారు. ఆ వస్తువుని పక్కవాళ్ళు ఎందుకు గౌరవిస్తారు? తీసి అవతల పడెయ్యొచ్చు కదా?"

నా ప్రాణం లేచొచ్చింది. చదివారు. సంచుల గురించి, చెప్పుల గురించి, ఈ రోజు నేను నీది కదపకపోతే రేపు నువ్వు నాది కదపవన్న నమ్మకం గురించి గబగబా చెప్పాను. ఆయన తల ఊపారు.

"బాగుంది. మరి ఆ పూలమ్మే ఆవిడ రాయిని, ఆవిడ జబ్బుపడి రానన్నాళ్ళూ కాపాడిందెవరు?"

నా థీసిస్‌లో పూలమ్మే ఆవిడ లేదు.

నేను గైడు గారి వంక చూశాను. ఆయనకి అర్థమైంది. అర్థమైన సంగతి ఆయన చెవుల రంగులో తెలిసింది. ఒక్క క్షణం పైకప్పు వంక చూసి, నా వంక తిరిగి, చాలా కొద్దిగా తల అడ్డంగా ఊపారు. పైకి మాత్రం "చెప్పమ్మా, చెప్పు" అన్నారు.

ఒక్క మాట అంటే సరిపోయేది, సార్ అది నాది కాదు అని. అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. నిద్రపోయారని అందరిముందూ అన్నట్టవుతుంది. పుస్తకం మళ్ళీ చూసి ఇంకో రోజు పెట్టుకుందాం అంటారు. ఇంకో రోజు నాకు లేదు. నోరు తెరిచాను. అందులోంచి వచ్చింది ఇది:

"ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన కాపాడాడండీ. పొద్దున్నే రాగానే ఆవిడ రాయి చుట్టూ నీళ్ళు చల్లేవాడు, ఆవిడ ఉన్నట్టే."

ఎక్స్‌ప్రెస్ సెమినార్లన్నీ ముందు వరసలో కూర్చుని విన్నదాన్ని కదా. అతని పూలమ్మే ఆవిడ, తాళాలాయన, వాళ్ళమధ్య గొడవలు, రాజీలు అన్నీ నాకు నోటికి వచ్చు. అడిగినవన్నిటికీ చెప్పాను. వరసగా, తడబడకుండా. ఎక్స్‌ప్రెస్ మూడో వరసలో నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అతని సొమ్ము నేను అతని ఎదుటే ఖర్చుపెడుతున్నాను మరి.

చివర్లో సభలో ప్రశ్నలు అన్నారు. ఎక్స్‌ప్రెస్ లేచి, మేమనుకున్న చేబదులు ప్రశ్నే అడిగాడు. "మీ శాంపిలుకున్న పరిమితులేమిటక్కా... మేడమ్?" ఏదో చెప్పాను. పెద్దాయన "చాలా తృప్తిగా ఉంది. రెండూ అయ్యాక కలిపి సంతకం పెడతాను" అన్నారు. చప్పట్లు కొట్టారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను.

భోజనాలప్పుడు గైడు గారు నన్నూ ఎక్స్‌ప్రెస్‌నీ మెట్ల కిందికి పిలిచారు. ఆయనకీ చెమటలు పడుతున్నాయి.

"కాగితాలు తారుమారయ్యాయి. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆయనకి చెబితే రెండూ ఆగిపోతాయి. నీ గడువు సంగతి నీకు తెలుసు కదమ్మా."

"మరి నాకు ఏం వస్తాయి సార్ ప్రశ్నలు?" అన్నాడు ఎక్స్‌ప్రెస్. పాపం, వాడి మొహం పాలిపోయింది.

"ఏదొస్తే అది చెప్పు. ఆమె చెప్పలేదూ?"

"అక్క నా సెమినార్లన్నిటికీ వచ్చింది సార్."

వాడు నావాటికి రాలేదన్న మాట ఎవరూ అనలేదు. వచ్చేవాడు, హాజరు పెట్టుకునేవాడు, ఫోనొచ్చినట్టు నటించి వెళ్ళిపోయేవాడు. తప్పుపట్టను. అందరూ అంతే.

అత్తయ్య వరండా బెంచీ మీద డబ్బా విప్పుకుని కూర్చుంది. నేను పక్కన కూలబడగానే అంది.

"ఏమే, ఆయన అడిగినప్పుడు ఆ పేవ్‌మెంటు గోలేమిటి? ఇన్నేళ్ళూ ఆసుపత్రి ఆసుపత్రి అని ఇల్లు వదిలి తిరిగావు. ఆసుపత్రి ఏదీ?"

"ఊరుకోండత్తయ్యా."

"ఊరుకుంటాలే. నాకేం తెలుసు. తిను ముందు."

రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాను. అలిసిపోయాను. ఏళ్ళ అలసట అంతా ఆ రోజే వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టు అలిసిపోయాను. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. కానీ మధ్యాహ్నం గది తెరవాలి, ప్రొజెక్టరు పెట్టాలి, ఎక్స్‌ప్రెస్‌ని నా చేబదులు ప్రశ్న అడగాలి. వెళ్ళి నా మామూలు కుర్చీలో కూర్చున్నాను.

భోజనం తర్వాత చీకటి గది కదా, పెద్దాయన ఈసారి ఇంకా ముందే ఒరిగిపోయారు. ఎక్స్‌ప్రెస్ తన పేరుకి తగ్గట్టు పరుగెత్తి ముగించాడు. లైట్లు వెలిగాయి. ఆయన రెండో కాగితం తీశారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"ఇప్పుడు మీ నాలుగో అధ్యాయం" అన్నారాయన.

మొదటి ప్రశ్నే అది. గొంతు కూడా మారింది, పొద్దుటి అలసట లేదు అందులో. "వంతు దగ్గరపడ్డాక లేచి వెళ్ళిపోయేవాళ్ళ గురించి రాశారు. రైల్లో ఈ అధ్యాయం రెండుసార్లు చదివాను. అది విసుగు కాదు, భయం అంటారు మీరు. అలా అనడానికి ఆధారం ఏమిటి? వెళ్ళిపోయినవాళ్ళు మీకు లైన్లో దొరకరు కదా. మరి వాళ్ళు భయపడ్డారని మీకెవరు చెప్పారు?"

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ప్రశ్న. నేను కలలో కూడా ఇంత బాగా కూర్చలేకపోయేదాన్ని. అది నా తల మీదుగా వెళ్ళి ఎక్స్‌ప్రెస్ మీద పడింది.

వాడు నీళ్ళు నమిలాడు. "అంటే సార్... మున్సిపాలిటీ వాళ్ళ లారీ వస్తుందనగానే అమ్ముకునేవాళ్ళు లేచి..."

"లారీ ఏమిటి?"

"భయం సార్. లారీ అంటే భయం."

పెద్దాయన కళ్ళజోడు తీసేశారు. ఆయన మొహంలో కోపం కంటే నిరాశ ఎక్కువ కనబడింది. బాగా రాసిన మనిషి ఇలా మాట్లాడతాడేమిటని ఆయనకి బాధగా ఉంది. ఆ బాధ నా కోసం. ఆ సంగతి ఆయనకి తెలియదు. మళ్ళీ వేరేగా అడిగారు, విడమరిచి అడిగారు. ఎక్స్‌ప్రెస్ నా వంక చూశాడు, కుడితిలో పడ్డ ఎలుక చూసినట్టు. గైడు గారు చెయ్యెత్తి అడ్డుపడ్డారు. "సమయం అవుతోంది. సార్‌కి సాయంత్రం బండి ఉంది. సభలో ఎవరికైనా ప్రశ్నలు?" అని నా వంకే చూశారు. నా చేబదులు ప్రశ్న నోట్లో సిద్ధంగా ఉంది: ఈ పరిశోధన ముందుముందు ఎలా కొనసాగుతుంది?

లేచాను.

"నాది ప్రశ్న కాదండీ" అన్నాను. "జవాబు. నేను వాళ్ళ వెంట వెళ్ళాను. లేచిపోయినవాళ్ళ వెనకాలే గేటు దాకా, బస్‌స్టాపు దాకా వెళ్ళాను. కొందరితో బస్సెక్కి పక్కన కూర్చున్నాను. మొదట అందరూ విసుగనే చెబుతారు. రెండు మూడు స్టాపులు దాటాక, ఆసుపత్రి కనబడనంత దూరం వచ్చాక, నిజం చెబుతారు. అనుబంధంలో అవన్నీ ఉన్నాయి."

పెద్దాయన నన్ను చూశారు. "మీరు పొద్దుటి అమ్మాయి కదా?"

"అవునండీ. పొద్దున మీరడిగినవి ఇతని థీసిస్ మీద ప్రశ్నలు. ఇది నాది. కాగితాలు తారుమారయ్యాయి."

గైడు గారు నుదురు పట్టుకున్నారు. పెద్దాయన రెండు పుస్తకాలూ తెరిచారు, పేజీలు తిప్పారు, కాగితాలు పక్కన పెట్టి చూసుకున్నారు. ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి. నిద్రపోయిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"తప్పు నాదే" అన్నారు. తర్వాత నా వంక తిరిగారు. "పొద్దున ఎందుకు చెప్పలేదు?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు. "భయమేసిందండీ" అన్నాను.

ఆయన పుస్తకాలు మూసి, "పొద్దుటిది చెల్లదు" అన్నారు. అంతా అయిపోయిందనుకున్నాను. ఉద్యోగం, డిగ్రీ, అన్నీ. ఆ తర్వాత ఆయన గైడు గారిని "నేను మళ్ళీ వెళ్ళడానికి రేపు పొద్దున బండేదైనా ఉందా?" అని అడిగారు. ఉందన్నారు గైడు గారు. "అయితే ముందు ఈ కుర్రాణ్ణి అతని ప్రశ్నలే అడుగుతాను. తర్వాత మీరు. బయట కూర్చోండి, పిలుస్తాను. ఒప్పిస్తే సంతకం పెడతాను, లేకపోతే పెట్టను. నాకు మీ వాదన మీద నమ్మకం ఇంకా కుదర్లేదు."

వరండా బెంచీ మీద కూర్చున్నాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. తలుపు వెనకాల ఎక్స్‌ప్రెస్ గొంతు హుషారుగా వినిపిస్తోంది, పూలమ్మే ఆవిడ వచ్చిందిగా. పొద్దున ఏదో గట్టెక్కాను. ఇప్పుడు ఆయన నిజంగా అడుగుతాడు. నిజంగా అడిగితే నా దగ్గర ఏముంది? బస్సుల్లో పక్కన కూర్చున్నవాళ్ళ మాటలు. ఏళ్ళన్నీ పోసి కట్టినది ఆయన ఒక్క మాటతో కూల్చేస్తే? తెలియకుండా పోతేనే నయం కదా. చదవని థీసిస్ ఎప్పటికీ మంచిదే.

లేచాను. మెట్ల వైపు నడిచాను.

"ఎక్కడికే?" అంది అత్తయ్య వెనకనుంచి.

"టీ తాగొస్తానత్తయ్యా."

"టీకి సంచి తీసుకుని ఎవరెళ్తారే?"

నా చెయ్యి వంక చూసుకున్నాను. సంచి భుజాన ఉంది. నాకు తెలియకుండానే తగిలించుకున్నాను. ఇన్నేళ్ళు ఇంట్లో నేను వాగుతుంటే ఆవిడ టీవీ చూస్తోందనుకున్నాను. వింటూనే ఉందన్నమాట.

"ఇలా తే" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. సంచి బెంచీ మీద, నా చోట్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుంది. "వెళ్ళి తాగి రా."

నాకు టీ అక్కర్లేకపోయింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

కాసేపటికి ఎక్స్‌ప్రెస్ బయటికొచ్చాడు. "అయిపోయిందక్కా" అన్నాడు తల దించుకుని. "నీ నాలుగో అధ్యాయం నాకు పంపుతావా? చదువుతాను." సరేలే అన్నాను. వాడు వెళ్ళిపోకుండా నా వెనకాలే మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాడు. అత్తయ్య కూడా వచ్చి ఫ్యాను కింద తన చోట్లో కూర్చుంది. బిస్కెట్ల వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

ఈసారి లైట్లు ఆర్పలేదు. పెద్దాయన పుస్తకం తెరిచి పెట్టుకుని అడిగారు, నేను చెప్పాను. చాలాసేపు జరిగింది. ఆయన మెత్తగా అడగలేదు. బస్సులో చెప్పింది మాత్రం నిజమని ఏమిటి నమ్మకం అన్నారు. పక్కన కూర్చున్న అమ్మాయి ఏం వినాలనుకుంటోందో అది చెప్పి ఉండొచ్చు కదా అన్నారు. కొన్నిటికి సమాధానం చెప్పగలిగాను, కొన్నిటికి చెప్పలేకపోయాను. చెప్పలేనప్పుడు తెలియదనే అన్నాను. ఎంత అలిసిపోయినా ఒకటి మాత్రం నిజం, నాకు సంతోషంగా ఉంది. నా మాటకి అడ్డం వస్తున్నాడంటే నా మాట విన్నాడన్నమాటే.

చివరికి ఆయన ఒక పేజీ దగ్గర వేలు పెట్టారు. "ఈ అధ్యాయమంతా ఒక్క మనిషితో మొదలైంది. అరవై దాటిన స్త్రీ, కంటి విభాగం. ఆమె మాత్రం చివరిదాకా కాళ్ళు లాగాయనే చెప్పింది. ఆమె ఒప్పుకోలేదని మీరే రాశారు. మొదటి సాక్ష్యమే మీకు వ్యతిరేకంగా ఉంది. అయినా అది భయమే అంటున్నారు. ఎలా?"

నా దగ్గర ఉన్నదల్లా ఆవిడ ఆ రోజు సంచి తీసుకుని లేచినప్పటి మొహం. దాన్ని పరీక్షలో ఎలా చూపిస్తాం? "తెలియదండీ" అనబోయాను.

"భయమేనండీ."

చివరి వరసలోంచి వచ్చింది ఆ మాట. అత్తయ్య లేచి నిలబడలేదు. ఫ్యాను కింద కూర్చున్నది కూర్చున్నట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఖాళీ తెర వంక చూస్తూ అంది.

"ఆ అరవై దాటినావిణ్ణి నేనే. నాకు ముందు కూర్చున్నావిడ లోపలికెళ్ళి ఏడుస్తూ బయటికొచ్చింది. ఆపరేషనన్నారో, చూపు రాదన్నారో, ఏమన్నారో నాకు తెలియదు. కాళ్ళు బానే ఉన్నాయి. భయమేసి లేచొచ్చేశాను. పిల్ల బస్‌స్టాపు దాకా వచ్చి బతిమాలింది, తనకేం చెప్పను?"

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. తుడుచుకుంటే తెలిసిపోతుందని అలాగే నిలబడ్డాను. పెద్దాయన వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నారు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. "ఇది కూడా చేర్చండి, ఆమె ఒప్పుకుంటేనే" అన్నారు నాతో. గైడు గారు కూడా సంతకం పెట్టి, అలవాటు కొద్దీ, కామాలు చూసుకో అన్నారు.

కుర్చీలు సర్ది, ప్రొజెక్టరు వైరు చుట్టి, గది తాళం వేశాను. ఎక్స్‌ప్రెస్ ఖాళీ ఫ్లాస్కు పట్టుకున్నాడు. అత్తయ్య వరండాలో నిలబడి ఉంది, నా సంచి భుజాన వేసుకుని. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను, ఎడమవైపు మెట్లు ఆవిడకి సరిగా కనబడవు. ఆవిడ నా వంక చూడలేదు.

"ఇంక పోదామా?" అంది. "కాళ్ళు లాగుతున్నాయి."